సైరన్ ఒక్కటే కాదు

అందరికీ నమస్కారం. మీలో చాలామంది నైట్ షిఫ్టు చేసినవాళ్లే కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

2020 మే 7, తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురం నిద్రలో ఉంది. ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ అనే ద్రవం ఆవిరై ఇళ్ల మీదికి వచ్చింది. కనీసం 12 మంది చనిపోయారు. కర్మాగారంలో 36 చోట్ల సైరన్ మోగించే వీలుండి కూడా ఎవరూ మోగించలేదని ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ తేల్చింది. అది వినగానే మనం అడిగే మొదటి ప్రశ్న, డ్యూటీలో ఎవరున్నారు అని.

ఆ ప్రశ్న అడగాల్సిందే. కానీ అక్కడే ఆగిపోతే మిగతాదంతా కనబడకుండా పోతుంది. నిలవ ఉన్న స్టైరీన్ తనంతట తానే గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది, వేడెక్కేకొద్దీ ఇంకా వేగంగా గట్టిపడుతుంది. అందుకే దాన్ని చల్లగా ఉంచాలి, గట్టిపడకుండా ఆపే టీబీసీ అనే రసాయనం కలుపుతుండాలి. అక్కడ టీబీసీ స్టాకు లేదు. కూలింగ్‌ను సాయంత్రం 5 గంటలకు ఆపేయడం అలవాటైపోయింది. 2019 డిసెంబరులో పైపులు మార్చాక చల్లబడిన ద్రవం పై పొరతో సరిగా కలవలేదు. ఉష్ణోగ్రత కొలిచేది ట్యాంకు అడుగున మాత్రమే. పైన కాగిపోతున్నా కింద మీటరుకు తెలిసే దారి లేదు. వీటిలో ఏదీ ఆ ఒక్క రాత్రిలో మొదలైంది కాదు.

నేను పనిచేసిన ఒక ప్లాంటులో పంపు సీలు లీకైతే ఆపరేటర్‌కు మెమో ఇచ్చాం. దాని మీద సంతకం నాదే. కొన్ని వారాలకు ఇంకో షిఫ్టులో, ఇంకో మనిషి చేతిలో అదే పంపు మళ్లీ లీకైంది. అప్పుడు గానీ స్టోర్స్‌కు వెళ్లి అడగలేదు. కొత్త సీలు కోసం పెట్టిన ఇండెంటు ఎవరి సంతకం కోసమో ఆగి ఉంది. ఆ సంగతి మొదటి ఆపరేటర్‌కు ముందే తెలుసు. నేను అడగలేదు, మెమో చేతికి వచ్చాక అతను నోరు విప్పలేదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. ఈసారి చిన్న లీకైనా సరే, మెమో రాసే ముందు ఆపరేటర్‌ను కూర్చోబెట్టి, "ఆ సమయంలో ప్యానెల్ మీద నీకేం కనబడింది?" అని అడగండి. ఆ మీటింగుకు స్టోర్స్ వాళ్లనూ పర్చేజ్ వాళ్లనూ పిలవండి. పైపులు మార్చినప్పుడు, ఆ ట్యాంకును రాత్రిపూట చూసుకునే మనిషికి డ్రాయింగ్ చూపించి మాట్లాడండి.