కంప్యూటర్లో ఫోను లైను తగిలించే వాయిస్ కార్డు పోలేదన్నా! మన ఎంగేజ్ టోను దానికి ఎవరూ చెప్పలేదు, అంతే!

టూ... టూ... టూ... టూ...

ఆపొద్దు, ఇంకొంచెం వినండి. కర్నూలులో ఒక నర్సింగ్ హోమ్ వాయిస్ మెయిల్ బాక్సులోంచి తీసిన రికార్డింగ్ ఇది. వాళ్లనడిగే తెచ్చినా. పేషెంటు తరఫు పెద్దాయన గొంతు కత్తిరించేసినా, ఆయన మాట నేను చెప్తా: "సారూ, పాపకు జరం తగ్గలే, రేపు తోలుకొస్తాం, ఎన్ని గంటలకు రావాల?" అంతే, ఫోను పెట్టేసినాడు. ఆ తర్వాతంతా మీరిప్పుడు విన్నదే. టూ, టూ, టూ. మాట్లాడే మనిషి ఎప్పుడో పోయినాడు, కంప్యూటరు మాత్రం ఎంగేజ్ టోను రికార్డు చేసుకుంటా కూచున్యాది. లైను వదల్లేదు. నాలుగు లైన్లుంటే ఒకటెనక ఒకటి నాలుగూ ఇట్లే ఇరుక్కుంటాయి. పొద్దున పదింటికల్లా ఆస్పత్రికి ఎవరు చేసినా ఎంగేజే.

టెక్నీషియన్ వస్తాడు. రీస్టార్ట్ కొడతాడు. గంటసేపు బాగుంటాది, మల్లా మొదటికొస్తాది. అప్పుడు ఆ మాట వస్తాది, మీరందరూ విన్న మాటే: "కార్డు పోయిందన్నా, కొత్తది ఏయాల."

పోలేదు! కార్డు పోలేదు!

పోయిన వీడియోలో ఈ మాటే అన్నందుకు కడప ఏడు రోడ్ల కాడి నుంచి అనంతపురం సుభాష్ రోడ్డు దాకా ఫోన్లు. "మన ఎండలకు కార్డులు ఉంటాయా, పిడుగులకు ఉంటాయా, కరెంటు ఎచ్చుతగ్గులకు ఉంటాయా, నువ్వు కెమెరా ముందర కూచోని మా యాపారం చెడగొడతా ఉండావు" అని. సరే, నేను ఒకే ఒక్క ప్రశ్న అడుగుతా. కార్డు పోయుంటే, రింగు వచ్చినప్పుడు ఫోను ఎత్తింది ఎవరు? "నమస్కారం, మీ సందేశం చెప్పండి" అని వినిపించింది ఎవరు? పెద్దాయన గొంతు పట్టింది ఎవరు? ఆ టూ టూ కూడా ఇంత శుభ్రంగా రికార్డు చేసింది ఎవరు? చచ్చిన కార్డు ఇన్ని పనులు చేస్తాదా? అది చెవులు రిక్కించి వింటానే ఉండాది సామీ. వినేది ఏందో దానికి తెలీదు. తెలుగు రాని డాక్టరు ముందర కడుపునొప్పి అని మొత్తుకున్నట్టు ఉండాది యవ్వారం.

ఇప్పుడు జాగ్రత్తగా వినండి, అసలు సంగతి ఇదే. అవతలి మనిషి ఫోను పెట్టేసినాడని మన కార్డుకు ఎట్ల తెలియాల? అమెరికాలో ఎక్స్ఛేంజ్ వాళ్లు ఆ క్షణాన లైనులో కరెంటు ఒక్కసారి తెంపి మల్లా ఇస్తారు. కార్డు దాన్ని పట్టుకుంటాది, టక్కున పెట్టేస్తాది. కూల్‌స్టార్ట్ అంటారు దాన్ని. మన మామూలు ల్యాండ్‌లైన్లలో చాలాచోట్ల అది రాదు. మనకు వచ్చేది టోను ఒక్కటే. ఆ టోను కూడా దేశానికి ఒక రకం. మనది 400 హెర్ట్జ్, ముప్పావు సెకను మోగుతాది, ముప్పావు సెకను ఆగుతాది. అమెరికాది 480, 620 రెండు కలిపిన టోను, అర సెకను మోత, అర సెకను నిశ్శబ్దం. మీ కంప్యూటరు పెట్టె పెట్టినాయన టోన్లు ఏ దేశానివో చెప్పే సెట్టింగు జోలికే పోలేదు. లోడ్‌జోన్ ఈక్వల్స్ యూ ఎస్. కార్డును నడిపే డ్రైవర్ డాహ్‌డీతో వచ్చే నమూనా ఫైల్లో అట్లే ఉంటాది, ఆయన అట్లే వదిలేసినాడు. కర్నూల్లో, కొండారెడ్డి బురుజు పక్కన కూచున్న పెట్టె అలబామా ఫోను కోసం ఎదురు చూస్తా ఉండాది!

అలబామా అని ఊరికే అనలేదు. మనోళ్లు వాడే ఎర్ర పచ్చ మాడ్యూళ్ల కార్డు ఉంది చూడండి, టీడీఎమ్ 400పీ, అది చేసిన డిజియం కంపెనీది అలబామాలోని హంట్స్‌విల్. మార్క్ స్పెన్సర్ అని కాలేజీ కుర్రోడు 1999లో పెట్టినాడు. ఈ పెట్టెలో కాల్స్ నడిపే ఆస్టరిస్క్ అనే సాఫ్ట్‌వేర్ రాసిందీ ఆయనే. అంతకు ముందు ఈ వాయిస్ కార్డులంటే డయలాజిక్ లాంటి పెద్ద కంపెనీలవి, కార్డు మీదనే ప్రత్యేకంగా సిగ్నల్ ప్రాసెసర్లు, ధర మన చిన్న ఆఫీసులకు అందేది కాదు. అప్పుడు జిమ్ డిక్సన్ అనే ఆయన ఒక మాటన్నాడు: కంప్యూటర్ ప్రాసెసరే ఇంత వేగంగా ఉన్నప్పుడు ఆ పనంతా దానితోనే చేయిద్దాం, కార్డు ఖాళీగా, చవగ్గా ఉంటే చాలు. మెక్సికో విప్లవకారుడు ఎమిలియానో జపాటా పేరు పెట్టుకున్నాడు ఆ ప్రాజెక్టుకు, జపాటా టెలిఫొనీ అని. దాని నుంచే జాప్‌టెల్ అనే డ్రైవర్ పేరు వచ్చింది. ఆ పేరు మీద ట్రేడ్‌మార్కు ఇంకొకరికి ఉందని 2008లో డాహ్‌డీ అని మార్చినారు. భూమి కోసం కొట్లాడిన రైతు నాయకుడి పేరుతో మొదలైన వస్తువు మన సీమకు వచ్చి, మనోడి అశ్రద్ధ వల్ల చెత్తబుట్టలో పడతా ఉంటే నాకు కడుపు మండదా?

నా వాదన ఇదీ: మన మూడు జిల్లాల్లో "పోయింది" అని పీకేసిన వాయిస్ కార్డుల్లో చాలావరకు బతికే ఉండాయి. వాటిని చంపింది ఎండ కాదు, పిడుగు కాదు, నాలుగైదు లైన్ల సెట్టింగు. పిడుగుకు పోయినవి ఉండాయి, నేను కాదనను, అవి చాలావరకు చూస్తేనే తెలుస్తాది, మాడ్యూల్ మీద నల్ల మచ్చ, కాలిన వాసన. మీ కార్డు మీద మచ్చ చూపించమనండి. చూపించలేదంటే ముందు సెట్టింగులు చూడకుండా డబ్బులివ్వొద్దు.

ఇంగ కార్డు ఏసేటప్పుడు చేసే పాపాలు. ఎర్రది లైనుకు, పచ్చది ఫోనుకు. ఎర్ర మాడ్యూల్ ఎఫ్‌ఎక్స్‌ఓ, గోడలోంచి వచ్చే టెలిఫోను తీగ దాంట్లో పెట్టాల. పచ్చది ఎఫ్‌ఎక్స్‌ఎస్, బల్ల మీది ఫోనుకు కరెంటూ రింగూ ఇచ్చేది అదే. గోడ తీగ తీసుకపోయి పచ్చదాంట్లో పెట్టినారంటే, ఎక్స్ఛేంజ్ రింగు కొట్టినప్పుడు వచ్చే వోల్టేజీకి అది కాలిపోవచ్చు. అట్ల పోయిన కార్డు నిజంగా పోయినట్టే, చేసినోడు మాత్రం మనిషి. పచ్చ మాడ్యూల్ ఉంటే హార్డ్ డిస్కుకు పోయే నాలుగు పిన్నుల కరెంటు కనెక్టర్ ఒకటి కార్డుకు కూడా తగిలించాల. అది మర్చిపోతారు, ఫోన్లు మూగబోతాయి, మల్లా అదే పాట, "కార్డు పోయిందన్నా".

ఇంకొకటి, దీంట్లో చదువుకున్నోళ్లు కూడా తికమక పడతారు. ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టుకు ఫైల్లో రాసేది ఎఫ్‌ఎక్స్‌ఎస్ కేఎస్! కేఎస్ అంటే ఇందాకటి కూల్‌స్టార్ట్. తప్పు కాదు, అట్లే రాయాల. అవతల ఎక్స్ఛేంజ్ ఎఫ్‌ఎక్స్‌ఎస్ లాగ ఉంటాది గదా, దానితో దాని పద్ధతిలో మాట్లాడాలని. ఎర్ర పోర్టుకు ఎఫ్‌ఎక్స్‌ఓ అని రాస్తే ఛానలే లేవదు.

ఇంగ స్లాటు, అంటే కంప్యూటర్లో కార్డు గుచ్చే చోటు, దాని సంగతి. ఈ కార్డు సెకనుకు వెయ్యిసార్లు ప్రాసెసరును పిలుస్తాది. సెకనుకు ఎనిమిది వేల శాంపిళ్లు, అంటే గొంతు ముక్కలు, పిలుపుకు ఎనిమిది. ఆ పిలిచే దారిని ఐఆర్‌క్యూ అంటారు, దాన్ని గ్రాఫిక్స్ కార్డుతోనో, యూఎస్‌బీతోనో పంచుకుంటే పిలుపులు తప్పిపోతాయి, గొంతు తెగి తెగి వస్తాది. క్యాట్ స్లాష్ ప్రాక్ స్లాష్ ఇంటరప్ట్స్ అనే కమాండ్ కొట్టి చూడండి, కార్డు వరసలో ఇంకొకరి పేరుంటే స్లాటు మార్చండి, బయాస్‌లో వాడని సీరియల్, పారలల్ పోర్టులు ఆపేయండి. ఆ తర్వాత డాహ్‌డీ టెస్ట్ నడపండి, 99.98 శాతం దగ్గర నిలబడాల. పిన్నుల మీద మన ఎర్రమట్టి దుమ్ము ఉంటాది, పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది తుడవండి. కార్డు ముట్టుకునే ముందు కరెంటు తీగ పీకి, క్యాబినెట్ ఇనుము ఒకసారి తాకండి.

ఇప్పుడు అసలు మందు. డాహ్‌డీ సెట్టింగు ఫైలు సిస్టమ్ డాట్ కాన్ఫ్‌లో లోడ్‌జోన్ ఈక్వల్స్ ఐ ఎన్, డిఫాల్ట్‌జోన్ ఈక్వల్స్ ఐ ఎన్. ఇది మన పెట్టె వినిపించే టోన్లను మనవిగా మారుస్తాది. కానీ ఇంతటితో ఆపితే పని కాదు, సగం తెలిసినోళ్లు ఈడనే ఆగిపోతారు! అవతలోడు పెట్టేసింది పట్టుకోవాలంటే ఆస్టరిస్క్ సెట్టింగు ఫైలు చాన్ డాహ్‌డీ డాట్ కాన్ఫ్ తెరవాల. బిజీ డిటెక్ట్ ఈక్వల్స్ యెస్. నమూనా ఫైల్లో దాని ముందర సెమీకోలన్ ఉంటాది, అది తీయకుంటే ఆ లైను ఉన్నా లేనట్టే. కింద బిజీ కౌంట్ 4, అంటే నాలుగు టూలు విన్నాక పెట్టేయమని. దాని కింద బిజీ ప్యాటర్న్, అంటే మోత ఎంత, ఖాళీ ఎంత అని మిల్లీసెకన్లలో, నమూనాలో 500 కామా 500 అని ఉంటాది, అది మన ముప్పావు సెకను కాదు గదా, 750 కామా 750 అని మార్చండి. రెండు ఫైళ్లూ సేవ్ చేసి, డాహ్‌డీ సీఎఫ్‌జీ నడిపి, ఆస్టరిస్క్ రీస్టార్ట్ చేయండి.

బిజీ కౌంట్ మరీ తగ్గించొద్దు. రెండు పెడితే, ఎనక ఏదో మిషను లయగా మోగినా మాట్లాడేటోళ్ల కాల్ తెగిపోతాది. ఆదోని జిన్నింగ్ మిల్లు ఆఫీసులో పెట్టుకునేటోళ్లు ఈ మాట గుర్తు పెట్టుకోండి, ఐదో ఆరో పెట్టుకున్నా తప్పు లేదు.

"నేను ఇవన్నీ పెట్టినా, అయినా ఇరుక్కుంటా ఉండాది" అంటారా? మీ కార్డుకు వచ్చేది ఎక్స్ఛేంజ్ లైనా, లేక ఆఫీసు లోపలి ఫోన్లు కలిపే డబ్బా, అదే ఈపీఏబీఎక్స్, దాని ఎక్స్‌టెన్షనా? లాడ్జీల్లో, కల్యాణ మండపాల్లో, విత్తనాల ఆఫీసుల్లో ఎక్కువగా ఎక్స్‌టెన్షనే. అప్పుడు టూ టూ కొట్టేది ఎక్స్ఛేంజ్ కాదు, మీ గోడకున్న ఈపీఏబీఎక్స్ డబ్బా. దాని టోను దాని ఇష్టం. కొన్నింట్లో పావు సెకను మోత, పావు సెకను ఆగడం. కాబట్టి మీ డబ్బా టోనే రికార్డు చేసి కొలవండి. కంప్యూటర్లో ఆడియో సాఫ్ట్‌వేర్ తెరిస్తే గీతలు కనపడతాయి, మోత ఎంత, ఖాళీ ఎంత అని కొలిచి ఆ అంకెలే ప్యాటర్న్‌లో రాయండి. పాత డయలాజిక్ కార్డులు ఉన్నోళ్లకు దీనికే పీబీఎక్స్‌పర్ట్ అని ఒక ప్రోగ్రామ్ ఉంది. రెండు పోర్టులతో మీ ఈపీఏబీఎక్స్‌లో కాల్ చేసుకుని టోన్లు తానే నేర్చుకుంటాది, టీఎస్‌ఎఫ్ అనే ఫైలు రాసిస్తాది. దాన్ని కాన్ఫిగరేషన్ మేనేజర్‌లో చూపిస్తే సరి. డయలాజిక్ వాళ్లకు టోన్ల గొడవ అప్పుడే తెలుసు! తయారు చేసినోళ్లకు తెలుసు, అమ్మేటోళ్లకు తెలీదు!

కాలర్ ఐడీ రావట్లేదని కూడా కార్డు మార్చినోళ్లుండారు, వినండి ఈ ఘోరం. మన లైన్ల మీద చాలాచోట్ల నంబరు వచ్చేది డీటీఎమ్‌ఎఫ్‌లో, అంటే ఫోను బటన్లు నొక్కితే వచ్చే టోన్లలో, రింగుకు ముందే. అమెరికాలో మొదటి రింగు తర్వాత, వేరే పద్ధతిలో. అందుకే చాన్ డాహ్‌డీలో సీఐడీ స్టార్ట్‌కు పొలారిటీ అండర్‌స్కోర్ ఐ ఎన్ అని మన దేశం పేరుతోనే ఒక ఆప్షన్ పెట్టినారు. ఇండియా కోసం! సీఐడీ సిగ్నలింగ్ డీటీఎమ్‌ఎఫ్ అని దానికి తోడు రాయండి. మన కోసమని ఎవరో కూచోని కోడ్ రాసిపెట్టినారు, మనోడు ఆ ఫైలు తెరిచి చూడకుండా "కార్డు పోయింది" అని బిల్లు రాస్తా ఉండాడు. ఎంత అన్యాయం ఇది!

పీఆర్‌ఐ లైను, అంటే ఒక్కదాని మీదే చాలా కాల్స్ వచ్చే డిజిటల్ లైను, ఉన్న పెద్ద ఆస్పత్రులకు ఈ టోన్ల బాధ లేదు. ఆడ పెట్టేసిన కబురు పదహారో ఛానల్ మీద మెసేజీగానే వస్తాది. వాళ్లు చూసుకోవాల్సింది కార్డు మీద టీ1, ఈ1 అనే రెండు రకాల్లో ఏదో ఎంచే చిన్న క్లిప్పు, జంపర్ ఒక్కటే. మనది ఈ1, 30 మాటల ఛానళ్లు. 24 ఛానళ్ల టీ1 మీద పెట్టేసి ఎర్ర లైటు వెలుగుతోందంటే, చెప్పండి, కార్డు పోయినట్టా?

కార్డు తీసేసి, ఫోను లైనును నెట్‌వర్కుకు కలిపే గేట్‌వే డబ్బా పెట్టుకోమనే సలహా కూడా ఇస్తా ఉండారు. పెట్టుకోండి, తప్పేం లేదు. దాంట్లోనూ ఎఫ్‌ఎక్స్‌ఓ పోర్టే ఉంటాది, దాంట్లోనూ దేశం, డిస్‌కనెక్ట్ టోను అని సెట్టింగు ఉంటాది. అదీ అమెరికాకే వదిలేస్తే అదే టూ టూ, ఈసారి కొత్త డబ్బాలో.

ఈ సెట్టింగులు పెట్టి, మీ కార్డు బతికుందో లేదో ఇప్పుడే తేల్చుకోండి. సెల్లు తీసి మీ ఆఫీసు నంబరుకు చేయండి, బీప్ రాగానే రెండు ముక్కలు మాట్లాడి కట్ చేయండి. స్క్రీను మీద ఛానల్ చూడండి. ముప్పావు మోత, ముప్పావు ఖాళీ, ఒక్కో టూకి సెకనున్నర, నాలుగు టూలకు ఆరు సెకన్లు. కొంచెం అటూ ఇటూగా ఆ ఆరు సెకన్లకు లైను వదిలేసిందంటే మీ కార్డు భేషుగ్గా ఉంది, ఒక్క రూపాయి ఇవ్వొద్దు. వదల్లేదంటే ఆ రికార్డింగ్ ఫైలు నాకు పంపండి, మీ డబ్బా పేరు, ఊరు రాసి. టోను నేను కొలిచి మీ ప్యాటర్న్ అంకెలు వచ్చే వీడియోలో చెప్తా.