ప్రెగ్నెన్సీలో బీపీ: కాల్షియం బిళ్ళ ఎందుకు, మెగ్నీషియం ఇంజెక్షన్ ఎందుకు?

ఏడో నెలలో బీపీ పెరిగిందని డాక్టరమ్మ నిఫెడిపిన్ రాస్తది, ఇంటికొచ్చి గూగుల్ చేస్తే అది కాల్షియం చానెల్ బ్లాకర్ అని ఉంటది, ఇక అనుమానం మొదలు, "మరి కాల్షియం బిళ్ళలు కూడా ఇచ్చిన్రేంది, రెండూ కొట్టుకోవా?" అని బిళ్ళల డబ్బా పక్కన పెట్టేస్తరు. పెట్టకండి అక్కా.

తిండిలో కాల్షియం తక్కువైతే ఒంట్లో పారాథైరాయిడ్ హార్మోన్ (రక్తంలో కాల్షియం లెక్క చూసేది), రెనిన్ (బీపీ పెంచే పని మొదలుపెట్టేది) పెరుగుతయ్, దాంతోని రక్తనాళాల కండరం కణాల్లోకి కాల్షియం ఎక్కువ జొరబడి నాళాలు బిగుసుకుంటయ్ అని డాక్టర్లు చెప్పే లెక్క. అంటే తినేది తక్కువైతేనే కణం లోపల ఎక్కువైతది, వింతగా ఉంది కదా! బిళ్ళ ఆ లోటు తీరుస్తది, నిఫెడిపిన్ కణంలోకి పోయే దారి మూస్తది. కొట్లాటేం లేదు.

మన హైదరాబాద్ తార్నాకలోని ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) 2020 లెక్కల్లో గర్భిణికి రోజుకి 1000 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. గ్లాసు పాలల్లో 300కి అటూఇటూ వస్తది, పెరుగు, రాగిజావ, నువ్వులు ఉంటే సరే గానీ అన్నం, చారు, పచ్చడితో నెట్టుకొస్తే ఏడ చాలుతది చెప్పండి. అందుకే 14వ వారం నుంచి 500 బిళ్ళ రోజుకి రెండుసార్లు ఇస్తరు. ఐరన్ బిళ్ళతో కలిపి మాత్రం మింగొద్దు, రెండు గంటలన్నా గ్యాప్ ఇవ్వండి. ఇంకోటి, ఇది ప్రీఎక్లాంప్సియా (ప్రెగ్నెన్సీలో బీపీ పెరిగి కిడ్నీ, లివర్ లాంటివి దెబ్బతినే జబ్బు) రిస్క్ తగ్గించడానికే, వచ్చిన బీపీని దించడానికి కాదు.

మెగ్నీషియం కథ వేరే. బీపీ 160/110కి పోయి, తలనొప్పి, కళ్ళు మసకలు మొదలైతే హాస్పిటల్‌లో మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తరు, బీపీ కోసం కాదు, ఫిట్స్ రాకుండా. 2002లో వచ్చిన మాగ్‌పై ట్రయల్ అనే పెద్ద పరిశోధనలో పదివేల మంది దాకా గర్భిణుల మీద చూస్తే ఫిట్స్ రిస్క్ సగానికి పైనే తగ్గింది. ఇది నరానికీ కండరానికీ మధ్య కాల్షియం పనికి అడ్డుపడుతది, డోస్ ఎక్కువైతే ఊపిరే ఆగొచ్చు. అందుకే సిస్టరమ్మ మాటిమాటికీ వచ్చి మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి చూస్తది, ఊపిరి లెక్కపెడుతది, యూరిన్ కొలుస్తది, విసుక్కోకండి. ఎక్కువైందనిపిస్తే విరుగుడు ఏందో తెలుసా, కాల్షియమే! కాల్షియం గ్లూకోనేట్ ఇంజెక్షన్ రక్తనాళంలోకి మెల్లగా ఇస్తరు.

ఆన్‌లైన్‌లో అమ్మే మెగ్నీషియం బిళ్ళలు ఈ ఇంజెక్షన్ పని చెయ్యవు, ఆ పైసలు పాలకి పెట్టుకోండి.

కాన్పు అయినంక కూడా ఫిట్స్ రావొచ్చు, అందుకే సాధారణంగా ఇంకో 24 గంటలు ఆ మందు నడుపుతరు. ఇంటికొచ్చినంక గట్టి తలనొప్పి, కళ్ళ ముందు మెరుపులు, పక్కటెముకల కింద కుడివైపు నొప్పి వస్తే పొద్దున్నే చూద్దాంలే అనుకోకుండా 108కి కొట్టండి.