ఫోన్-ఇన్: పాత కార్ల హెడ్‌లైట్లు ఎందుకు మినుకుమంటాయి?

యాంకర్: నమస్కారం. ఈ రోజు పాత కార్ల హెడ్‌లైట్ల గురించి. స్టూడియోలో ఆటో ఎలక్ట్రికల్ నిపుణులు ఉన్నారు. మొదటి కాల్ జనగామ నుంచి. చెప్పండి.

కాలర్: నమస్తే సార్. మాది మారుతి 800, 2004 మాడల్. లైట్లు మినుకు మినుకుమంటున్నయ్. బల్బులు రెండుసార్లు మార్పించిన. బ్యాటరీ గూడ కొత్తదే. గుంతల్ల పడ్డప్పుడు ఆరిపోయినట్లయి మల్ల వస్తయ్. మా బావమరిది 100/90 బల్బులు, అంటే బ్రైట్‌కు 100 వాట్లు, డిమ్‌కు 90 వాట్లవి, వేయమంటుండు...

నిపుణుడు: ఆ బల్బులు వద్దండీ. ముందు ఇది చెప్పండి. రెండు లైట్లూ ఒకేసారి మినుకుతున్నాయా, ఒక్కటేనా?

కాలర్: రెండూ సార్. డిమ్‌ల ఎక్కువ. బ్రైట్ వేస్తే కొంచెం నయం.

నిపుణుడు: మంచి గుర్తు చెప్పారు. రెండూ ఒకేసారి పోతున్నాయంటే తప్పు బల్బులది కాదు, రెంటికీ ఉమ్మడిగా ఉన్న దారిలో ఉంది. ఎర్త్ (కరెంటు కారు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే కనెక్షన్), స్టీరింగు దగ్గర లైట్లు వేసే కాంబినేషన్ స్విచ్, కనెక్టర్లు, ఫ్యూజు బాక్సు. డిమ్‌లోనే ఎక్కువ అంటున్నారు కాబట్టి నా అనుమానం స్విచ్ మీదే. అయినా ముందు ఎర్త్ చూడండి, ఎప్పుడైనా సరే ఎర్త్ ముందు. బ్యాటరీ నెగటివ్ వైరు బాడీకి బిగించిన బోల్టు ఊడదీసి, కింద తుప్పూ పెయింటూ పోయి లోహం మెరిసేదాకా ఎమరీ పేపర్‌తో రుద్దండి. బిగించాక పైన కాస్త వాజలిన్ పూయండి. లైట్ల ఎర్త్ వైరు బాడీకి కలిసేచోటా అంతే.

కాలర్: ఎర్త్ మెకానిక్ చూసిండు సార్, బాగుందన్నడు.

నిపుణుడు: కంటితో చూస్తే చాలదండీ, కొలవాలి. వోల్టేజీ కొలిచే మల్టీమీటర్‌ని 20 వోల్టుల డీసీలో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా లైట్లు వేసి బ్యాటరీ దగ్గర చూడండి. 13.8 నుంచి 14.4 మధ్య రావాలి. తర్వాత బల్బు హోల్డర్ వెనక నుంచి ప్రోబులు, అంటే మీటర్ సూదులు, దూర్చి, వెలుగుతున్న బల్బుకు ఎంత అందుతోందో చూడండి. రెంటికీ తేడా అర వోల్టు దాకా ఫర్వాలేదు. వోల్టు దాటితే దారిలో ఎక్కడో పోతోంది. లైట్లు ఆర్పేసి కొలవకండి. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన జాయింటు కూడా పూర్తి వోల్టేజీ చూపిస్తుంది, మోసపోతారు.

కాలర్: మరి ఎటుదిక్కు పోతుందో ఎట్ల తెలుస్తది?

నిపుణుడు: ఒక ప్రోబు బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఎర్త్ బోల్టు బిగించిన బాడీ మీద పెట్టండి. 0.2 వోల్టుల లోపుంటే అక్కడ ఎర్త్ బాగున్నట్టే. అప్పుడు స్విచ్‌కి రండి. లైట్లు వేసి పదినిమిషాలయ్యాక డిమ్, బ్రైట్ మార్చే డిప్పర్ లివర్‌ని మెల్లగా కదపండి. లైట్లు మినుకుతుంటే లోపలి కాంటాక్టులు కాలిపోయాయి. స్టీరింగు కింద కనెక్టర్ ముట్టుకోండి. వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగినా అదే దొంగ.

కాలర్: సరే సార్. మరి ఆ 100 వాట్ల బల్బులేస్తే వెలుతురన్న పెరుగుతది గద?

నిపుణుడు: వద్దన్నానండీ! లెక్క చూడండి. 55 వాట్ల డిమ్ బల్బులు రెండు కలిసి 110 వాట్లు, అంటే సుమారు 9 ఆంపియర్లు. 90 వాట్లవి వేస్తే 15. పాత స్విచ్, సన్న వైర్లు అంత వేడికి ఆగవు, హోల్డర్ కరుగుతుంది. 60/55 బల్బులే ఉంచి, స్విచ్ మార్చాక రిలే కిట్ వేయించుకోండి. రిలే అంటే చిన్న కరెంటుతో పనిచేస్తూ పెద్ద కరెంటును కలిపే మరో స్విచ్. డిమ్‌కి ఒక రిలే, బ్రైట్‌కి ఒకటి, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, బ్యాటరీ పక్కనే 20 ఆంపియర్ల ఫ్యూజు. లోడు రిలే మోస్తుంది, స్విచ్ బతుకుతుంది. వెలుతురూ పెరుగుతుంది.

యాంకర్: ధన్యవాదాలండీ. తణుకు నుంచి తర్వాతి కాలర్.

కాలర్: సార్, శాంత్రో. ఎడమ లైటొక్కటే మినుకుతోందండి.

నిపుణుడు: హోల్డర్ తీసి చూడండి. పిన్నులు వదులైనా, నల్లబడ్డా సెరామిక్ హోల్డర్ వేయించండి. వైర్లు మెలితిప్పి టేపు చుట్టడం కాదు, క్రింప్ చేయాలి, అంటే లోహపు టెర్మినల్‌లో పెట్టి నొక్కి బిగించాలి. కొత్త బల్బు గాజును చేత్తో ముట్టుకోకండి.

యాంకర్: మరో కాల్, నంద్యాల.

కాలర్: ఇండికా డీజిల్ సార్. హెడ్‌లైట్లు, డ్యాష్‌బోర్డు లైట్లు అన్నీ సన్నగా వణుకుతాయి. ఆక్సిలేటర్ తొక్కితే మారుతుంది. మెకానిక్, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూస్తానంటున్నాడు.

నిపుణుడు: పీకనివ్వకండి, దయచేసి. బ్యాటరీ లేకపోతే వోల్టేజీ ఒక్కసారిగా ఎగబాకి ఆల్టర్నేటర్‌లో, అంటే బ్యాటరీని చార్జ్ చేసే యంత్రంలో, రెగ్యులేటర్, డయోడ్లు పోతాయి. ముందు ఆల్టర్నేటర్‌ను తిప్పే బెల్టు వదులుగా ఉందేమో చూడండి. తర్వాత మల్టీమీటర్‌ని ఏసీ వోల్టుల్లో పెట్టి, ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ మీద కొలవండి. అర వోల్టు దాటితే ఆల్టర్నేటర్‌లో డయోడ్ పోయినట్టు. తక్కువుంటే బ్రష్‌లు అరిగాయేమో చూడమనండి.

కాలర్: ఎల్‌ఈడీ వేస్తే...

యాంకర్: క్షమించాలి, సమయం అయిపోయింది. ధన్యవాదాలు సార్.

నిపుణుడు: ఒక్క మాట, జనగామ నుంచి చేసినవారికి. స్విచ్ విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి.