బార్ వీపు మీద కదలకుండా

అందరికీ నమస్కారం. స్క్వాట్ (బరువుల బార్ వీపు మీద పెట్టుకుని కూర్చుని లేచే వ్యాయామం) అనగానే అందరూ మోకాళ్ల గురించే అడుగుతారు. ఎంత కిందికి కూర్చోవాలి, మోకాలు కాలివేళ్లు దాటొచ్చా అని. ఈ రోజు వాటి జోలికి పోను. వీపు మీద బార్ ఎందుకు జారుతుందో, ఎలా ఆపాలో చెప్తాను.

చిక్కంతా ఎక్కడంటే, చాలామంది బార్‌ని చేతులతో మోస్తారు. మోయాల్సింది వీపు. దాన్ని వీపుకి అదిమి పట్టడం వరకే చేతుల పని. స్క్వాట్ అయ్యాక మణికట్టు లాగుతోందంటే బరువు చేతుల మీద పడుతోందేమో చూసుకోండి.

తల వంచి మెడ వెనక తడమండి. మెడ అడుగున ఎముక బొడిపెలా తగులుతుంది కదా, అది సాధారణంగా ఏడో వెన్నుపూస. బార్ దాని మీద ఆనకూడదు. భుజాల రెక్కలు దగ్గరికి లాగితే దాని కింద ట్రాప్స్, అంటే మెడ నుంచి భుజాల దాకా ఉండే కండ, ఉబ్బుతుంది. బార్ అక్కడ కూర్చుంటే హై బార్. శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది వెయిట్‌లిఫ్టింగ్‌లోనే. ఆ ఆటవాళ్ల ప్రాక్టీసులో ఎక్కువగా కనిపించేది ఈ పద్ధతే, ఒళ్లు నిటారుగా ఉంటుంది కాబట్టి. ఇంకాస్త కిందికి, రెక్క ఎముక గట్టు దగ్గర పెడితే లో బార్. స్క్వాట్‌లోనే పోటీపడే పవర్‌లిఫ్టర్లలో చాలామందిది అదే. దానికి భుజాలు బాగా వెనక్కి తిరగాలి. కొత్తవాళ్లు హై బార్‌తో మొదలుపెట్టండి.

ఇప్పుడు మోచేతులు. వాటిని వెనక్కి పైకెత్తేస్తే భుజాలు ముందుకు పడి, బార్ మెడ మీదికి దొర్లుతుంది. మోచేతులు నడుము వైపు దించి, బార్‌ని కిందికి గట్టిగా లాగిపట్టండి. వీపు పైభాగమంతా బిగుస్తుంది. ఆ బిగువు రాక్ (బార్ ఆనించే స్టాండు) నుంచి బార్ ఎత్తకముందే ఉండాలి, ఎత్తాక తెచ్చుకుందామంటే కుదరదు.

బార్ మీద చేతులు పట్టే చోట రెండు వైపులా సన్నని రింగు గీతలుంటాయి. రెండు చేతులూ వాటికి సమాన దూరంలో ఉన్నాయో లేదో చూసుకోండి. 20 కిలోల బార్ పొడవు 2.2 మీటర్లు. మధ్యలో లేకపోతే ఒక పక్కకి ఒరిగిపోతుంది. కొన్ని బార్‌లకి నడిమధ్యన కూడా గరుకు పట్టీ ఉంటుంది. అది చొక్కాని పట్టి ఆపడానికే. నున్నటి జెర్సీ వేసుకొచ్చి, పైగా చెమట పట్టిస్తే ఆ గరుకు ఏం చేస్తుంది పాపం? కాటన్ టీషర్ట్ వేసుకోండి. వీపు మీద కాస్త చాక్ పొడి రుద్దినా పట్టు దొరుకుతుంది.

ఇక వీపు నొక్కుకోకుండా బార్‌కి చుట్టే ఆ స్పాంజి తొడుగు. కోపం తెచ్చుకోకండి, నాకది నచ్చదు. బార్‌ని లావు చేస్తుంది, వీపు నుంచి ఎడంగా పెడుతుంది, మెత్తగా దొర్లుతుంది. వీపు నొక్కుకుంటోందని తొడుగు వేసే ముందు, బార్ ఎముక మీదుందా, కండ మీదుందా చూడండి.

రాక్ హుక్కులు ఛాతీ ఎత్తులో ఉండాలి. మునివేళ్ల మీద లేచి బార్ తీస్తే అప్పుడే కదిలిపోతుంది. రెండు పాదాలూ బార్ కిందికి తెచ్చి, పొట్ట నిండా ఊపిరి బిగించి లేవండి. రెండు మూడు చిన్న అడుగులు వెనక్కి, అంతే. బార్ జారిందనిపిస్తే మధ్యలో ఎగరేసి సర్దుకోవద్దు, తిరిగి రాక్‌లో పెట్టేయండి. బార్ కింద పడకుండా ఆపే సేఫ్టీ రాడ్లు, ప్లేట్లకి క్లిప్పులు తప్పనిసరి.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా రండి, ప్లేట్లు లేకుండా ఖాళీ బార్‌తో చూద్దాం. జెర్సీ వేసుకున్నవాళ్లు చివర్లో రండి.