చీమకుర్తి రాయి మీద నిలబెట్టిన జీపు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లన్నీ చదివితే అవతల భోజనాలు చల్లారిపోతాయి, అందుకని అందరికీ కలిపి ఒకటే దండం. కొత్త మెకానిక్ షెడ్డుకు కొబ్బరికాయ కొట్టి నాలుగు మంచి మాటలు చెప్పమన్నారు. నేను నా ఎడమ చెయ్యి గురించి చెబుతా.

ఇప్పుడు కుర్రాళ్లంతా పాత మహీంద్రా ఎంఎం 540 జీపులు పట్టుకొచ్చి ఎత్తు చెయ్యమంటున్నారు. రొయ్యల చెరువు కట్టల మీద అడుగు తగులుతోందంటారు, నిజమే. అయితే రెండంగుళాలు చాలు అబ్బయ్యా. ఇంకా లేపితే చక్రాలను తిప్పే షాఫ్టు వంపు పెరిగి దాని కీళ్లలో క్రాసులు పోతాయి, చక్రం వేలాడినప్పుడు బ్రేకు హోసు లాక్కుపోయి తెగుతుంది. మలుపులో బోల్తా సంగతి మీకు తెలిసిందే. ముందు చక్రాల ఆక్సిల్ మీద ఎత్తు కోసం దిమ్మలు పెట్టమని ఎవడైనా అడిగితే పంపించెయ్యండి, బ్రేకు కొట్టినప్పుడు ఆక్సిల్ మెలితిరిగిపోద్ది.

ఆ, నా చెయ్యి. ఇరవై ఏళ్ల నాటి మాట. పాత విల్లీస్ జీపు. బండి కింద ఆనించే స్టాండ్లు ఉంటే పక్క షెడ్డువాడు పట్టుకుపోయాడు. చీమకుర్తిలో రాళ్లకేం కొదవ? వెనక ఒకవైపు జాకీతో లేపి, ఛాసిస్ కింద గ్రానైటు పలకలు నాలుగు పేర్చా. నల్లగా, నున్నగా, గెలాక్సీ చుక్కలు మెరుస్తుంటే చూసి మురిసిపోయా కూడా! గేరు వేశా, హ్యాండ్ బ్రేకు లాగేశా, ఇక కదలదనుకున్నా. ఆ జీపుల్లో హ్యాండ్ బ్రేకు పట్టుకునేది చక్రాన్ని కాదు, షాఫ్టుని. ఒక వెనక చక్రం గాల్లో ఉంటే, రెండు చక్రాల మధ్య తిప్పుడు పంచే డిఫరెన్షియల్ రెండో చక్రాన్ని దొర్లనిస్తుంది, గేరులో ఉన్నా అంతే. అది నాకప్పుడు తెలీదు. కమాన్ కట్టని ఆక్సిల్‌కి బిగించే యూ బోల్టు తుప్పు పట్టి రాకపోతే స్పానరుకి పైపు తగిలించి లాగా. బండి బెత్తెడు కదిలింది, పలక మీద పలక జారింది. చెయ్యి ఆక్సిల్‌కీ కమాన్ కట్టకీ మధ్య ఉండిపోయింది. ఇదిగో, ఈ రెండు వేళ్లు ఇప్పటికీ మడవలేను. వెనకవాళ్లకు కనబడకపోతే భోజనాల దగ్గర చూపిస్తా.

ఫోన్లు పక్కన పెట్టండయ్యా! గట్టి నేల, నేల మీదున్న చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు, ఛాసిస్ కింద స్టాండ్లు, అప్పుడే చెయ్యి లోపల పెట్టాలి. విప్పిన యూ బోల్టులు పారేసి కొత్తవి వెయ్యండి. కమాన్ కట్ట చివరని ఛాసిస్‌కి కలిపే షాకిల్ బోల్టులు బండిని నేల మీద దించాకే బిగించాలి, రెండు రోజులు తిరిగాక యూ బోల్టులు మళ్లీ చూడాలి.

నాలుగు స్టాండ్లు తెచ్చా, బయట ఆటోలో ఉన్నాయి, దించుకో అబ్బయ్యా. పక్క షెడ్డువాడు అడిగితే మాత్రం ఇవ్వమాకు.