ఊడ్చిన రోజుకే కాదు, ఆ తర్వాతి ఏడాదికీ నిధులు కావాలి

వేదిక మీది పెద్దలకు, వార్డు సభ్యులకు, అధికారులకు, సెలవు రోజైనా తీరిక చేసుకుని వచ్చిన కాలనీ సంఘాలవారికి నమస్కారం.

పరిసరాలను శుభ్రం చేసుకోవడానికి, బాగుచేసుకోవడానికి స్థానిక సంస్థలు పౌర బృందాలకు ఇచ్చే చిన్న నిధుల గురించి మాట్లాడమన్నారు. బడ్జెట్టు పుస్తకంలో ఇది కంటికి ఆనని పద్దు. రోడ్లు, నీళ్లు, జీతాలు పోగా మిగిలినదాంట్లో ఓ మూలన ఉంటుంది. కోత పెట్టాల్సి వస్తే మొదటి వేటు దీని మీదే పడుతుంది. అయినా ఈ పద్దు మీద నాకు గట్టి నమ్మకం ఉంది. ఆ డబ్బును మనం ఖర్చు పెడుతున్న తీరు మీద మాత్రం అభ్యంతరం ఉంది. రెండూ చెప్తాను.

2008 మే 3న ఎస్టోనియాలో దాదాపు 50 వేల మంది బయటికొచ్చి, ఐదు గంటల్లో, అడవుల్లోనూ రోడ్ల పక్కనా పడి ఉన్న పది వేల టన్నుల చెత్తను ఎత్తేశారు. దేశ జనాభాయే సుమారు 13 లక్షలు. ఈ కథ చెప్పినప్పుడల్లా అందరూ ఆ ఐదు గంటల దగ్గరే ఆగిపోతారు. నన్ను ఆకట్టుకున్నది అంతకుముందు నెలల్లో జరిగిన పని. ఎక్కడెక్కడ దొంగచాటుగా చెత్త పోశారో వాలంటీర్లు ఫోన్లతో గుర్తించి, పది వేలకు పైగా చోట్లను ముందే మ్యాపులోకి ఎక్కించారు. ఏ చోటికి ఎంతమంది వెళ్లాలో, ఎత్తిన చెత్త ఎటు పోవాలో తెలియకపోతే ఆ 50 వేల మందీ ఏం చేయగలిగేవారు? చెత్త కుప్పను ఒక మూల నుంచి ఇంకో మూలకు జరిపేవారు.

మన దగ్గర నిధులు ఎక్కువగా ఆ ఒక్క రోజుకే పోతాయి. గ్లౌజులు, బస్తాలు, టోపీలు, బ్యానరు, మైకు. ఉదయం ఊడుస్తారు, మధ్యాహ్నం ఫొటోలు దిగుతారు. మూటలు కట్టిన చెత్తను తీసుకెళ్లే లారీ సాయంత్రానికి రాదు. రాత్రికి కుక్కలు ఆ మూటలను చింపేస్తాయి. నెల తిరిగేసరికి అదే చోట మళ్లీ కుప్ప. అప్పుడు అందరూ అనే మాట ఒకటే, ‘జనం మారరు’ అని. ఈ మాట నేను ఒప్పుకోను.

జనం చుట్టూ కనిపించేదాన్ని బట్టి నడుచుకుంటారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో కొందరు పరిశోధకులు సైకిళ్లు నిలిపే సందులో ప్రతి సైకిల్ హ్యాండిల్‌కూ ఒక కరపత్రం తగిలించారు. దగ్గర్లో చెత్తబుట్ట లేదు. గోడ శుభ్రంగా ఉన్నప్పుడు 33 శాతం మంది ఆ కాగితాన్ని కింద పడేశారు. అదే గోడ మీద పిచ్చిగీతలు గీసి ఉంచినప్పుడు 69 శాతం మంది పడేశారు. 2008లో ప్రచురించిన ఫలితాలివి. సందు అదే, కాగితం అదే, గోడ ఒక్కటే మారింది. కాబట్టి ఒక స్థలం ఎలా కనిపిస్తుంది అన్నది అలంకారానికి సంబంధించిన సంగతి కాదు. అక్కడ రేపు పడబోయే చెత్త ఎంతో అదే చెప్తుంది.

ఇంకో ప్రయోగం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా వాదన అంతా దీని మీదే నిలబడింది. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో 541 ఖాళీ స్థలాలను లాటరీ పద్ధతిలో మూడు రకాలుగా విడదీశారు. కొన్నింటిలో చెత్త తీసేసి, నేల చదును చేసి, గడ్డి వేసి, నాలుగు చెట్లు నాటి, చుట్టూ పొట్టి చెక్క కంచె కట్టారు. కొన్నింటిలో చెత్త తీసి, వీలైనచోట గడ్డి కోశారు, అంతే. మూడో రకం స్థలాలను ముట్టుకోలేదు. పచ్చదనం తెచ్చిన స్థలాల దగ్గర నివసించేవారిలో, దిగులుగా ఉంటోందని చెప్పేవాళ్లు 41 శాతానికి పైగా తగ్గారు. చెత్త మాత్రమే తీసిన స్థలాల దగ్గర మనసుకు సంబంధించి చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. బాగుచేసిన స్థలాలున్న పేద పేటల్లో తుపాకీ హింస 29 శాతం తగ్గింది. ఈ ఫలితాలు 2018లో వచ్చాయి.

ఇందులో జనం సాధారణంగా పట్టించుకోని ఒక వివరం ఉంది. మొదటి రకానికీ, రెండో రకానికీ కూడా నెలనెలా వెళ్లి స్థలాన్ని సంరక్షించారు. ఒక్కసారి ఊడ్చి వదిలేసిన స్థలం అంటూ ఆ ప్రయోగంలో లేనే లేదు. మన నిధుల్లో అత్యధిక భాగం పోతున్నది మాత్రం అక్కడికే!

అందుకే నేను అడిగేది ఇది. ప్రతి మంజూరులోనూ ఒక వాటాను మొదటి రోజు తర్వాతి పన్నెండు నెలల కోసం విడిగా పెట్టండి. నాటిన మొక్కకు మొదటి రెండు మూడు వేసవుల్లో నీళ్లు పోసేవాడు లేకపోతే అది ఎండిపోతుంది, ఎన్ని నాటామన్న లెక్క అప్పుడు ఎందుకూ పనికిరాదు. కంచె విరిగితే మేకు కొట్టేవాడు కావాలి, గడ్డి పెరిగితే కోసేవాడు కావాలి. ఈ ఖర్చు చిన్నది, కానీ ప్రారంభోత్సవం లేని ఖర్చు గనక ఎవరూ ముందుకు రారు.

డబ్బు చేతికందే పద్ధతి గురించి కూడా మాట్లాడాలి. ముందు మీరు ఖర్చు పెట్టండి, బిల్లులు పెట్టండి, తర్వాత ఇస్తాం అంటారు. జీతాలున్నవాళ్ల కాలనీ అయితే పది మంది తలా కొంత వేసుకుని నెట్టుకొస్తారు. రోజుకూలీ మీద బతికే బస్తీ ఆ మొదటి అడుగే వేయలేదు. దాంతో నిధి, ఇప్పటికే శుభ్రంగా ఉన్న వీధుల్లోకే పోతుంది. దరఖాస్తు రాయడం తెలిసినవాళ్లకు అందుతుంది, అవసరం ఉన్నవాళ్లకు కాదు. బ్రెజిల్‌లోని పోర్టో అలెగ్రెలో 1989లో ప్రజల భాగస్వామ్యంతో బడ్జెట్టు వేయడం మొదలుపెట్టినప్పుడు, ఏ ప్రాంతంలో సదుపాయాలు ఎంత తక్కువగా ఉన్నాయో చూసి దానికి ఎక్కువ బరువునిచ్చారు. మన పంపకంలోనూ అలాంటి బరువు ఉండాలి.

పౌరుల వాటా కింద నగదే అడగనక్కర్లేదు. అమెరికాలోని సియాటిల్ నగరం 1980ల చివర్లో మొదలుపెట్టిన పథకంలో, నగరం ఇచ్చే సొమ్ముకు సమానంగా పేటవాళ్లు పెట్టాల్సిన వాటాలో శ్రమదానం చేసిన గంటలకూ విలువ కట్టారు. చేతిలో డబ్బు లేనివాళ్లకు చేతులున్నాయి కదా. ఇంత మర్యాదైన ఏర్పాటు నాకు మరొకటి తెలియదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. శ్రమదానం పారిశుద్ధ్య కార్మికులకు బదులు కాదు. రోజూ చెత్త ఎత్తడం, కాల్వలు పూడిక తీయించడం సంస్థ బాధ్యత. ఈ చిన్న పద్దును చూపించి కార్మికుల సంఖ్య తగ్గిస్తే, అది పౌరుల మంచితనాన్ని దోచుకోవడమే అవుతుంది. సూదులు, పగిలిన ఆస్‌బెస్టాస్ రేకులు, రసాయనాల డబ్బాలు కనిపించిన చోట వాలంటీర్లు చేయి పెట్టకూడదు. శిక్షణ ఉన్న సిబ్బంది రావాలి, వాళ్లకు సరైన రక్షణ సామగ్రి ఉండాలి.

తీసిన చెత్తను లెక్క రాయండి. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరంలో 2,800 మంది వాలంటీర్లు చెత్త ఏరుతూ, ఏం దొరికిందో కార్డుల మీద రాసుకున్నారు. ఆ అలవాటే తర్వాత అంతర్జాతీయ తీర శుభ్రతా కార్యక్రమంగా పెరిగింది. ఏళ్ల తరబడి ఆ జాబితాలో మొదటి స్థానం సిగరెట్ పీకలదే. ఆ ఫిల్టరు దూదిలా కనిపిస్తుంది కానీ, అది సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. రాసుకోకపోతే ఇది ఎవరికి తెలిసేది? మీ కుప్పలో సగం ఇళ్లు కూల్చిన మట్టీ, ఇటుకలే అయితే దానికి చీపుర్లు మందు కాదు. కట్టుబడి వ్యర్థాలను ఎక్కడ పొయ్యాలో చూపించి, అక్కడికి చేర్చే ఏర్పాటు చేయాలి. పాత పరుపులు, విరిగిన కుర్చీలే ఎక్కువైతే పెద్ద వస్తువుల కోసం నెలకోసారి బండి పంపాలి.

ముందే డబ్బిస్తే ఆడిట్‌కు ఎవరు జవాబు చెప్తారని అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. సగం ముందు ఇవ్వండి. పావు వంతు పని పూర్తయ్యాక ఇవ్వండి. మిగిలిన పావు వంతును సంరక్షణ కోసం ఉంచి, మూడు నెలలకోసారి స్థలాన్ని చూసి విడతలుగా విడుదల చేయండి. బిల్లుల కట్ట కన్నా, ఏడాది తర్వాత కూడా బాగున్న స్థలమే మెరుగైన లెక్క.

దరఖాస్తు ఫారంలో ఎంతమంది పాల్గొంటారు, ఏ తేదీన చేస్తారు అని అడుగుతున్నారు. వాటి కింద ఇంకో గడి చేర్చండి: వచ్చే ఏడాది ఇదే రోజుకు ఈ స్థలాన్ని ఎవరు చూసుకుంటూ ఉంటారు, దానికి వాళ్లకు మీ నుంచి ఏం కావాలి? ఆ గడి ఖాళీగా వచ్చిన దరఖాస్తును తిప్పి పంపకండి. ఒక ఉద్యోగిని ఆ వీధికి పంపి, అక్కడివాళ్లతో కూర్చుని దాన్ని నింపించండి.