తుంగ మొక్కకు నీళ్లు ఎక్కువైతే ఏమీ కాదు

అందరికీ నమస్కారం. పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన పది నిమిషాలూ అక్కడే అయిపోతాయి, ఏమీ అనుకోకండి. మిద్దెతోటలో కుండీ మొక్కల గురించి మాట్లాడమన్నారు. మాట్లాడతాను గానీ, ముందు ఒక్క మొక్క సంగతి తేల్చుకోవాలి.

నర్సరీల్లో అంబ్రెల్లా పామ్ అని ఇస్తారే, అదే. పామ్ కాదది, మడగాస్కర్ నుంచి వచ్చిన తుంగ. పొలంలో రైతు ఎంత పీకినా చావని తుంగకు దగ్గరి చుట్టం. అలాంటిది మన బాల్కనీల్లో ఎండిపోతోందంటే కారణం ఒక్కటే, "నీళ్లు ఎక్కువ పోయొద్దు" అని అందరికీ చెప్పే మాటే దీనికీ చెబుతున్నాం. ఇది చెరువు గట్టున, బురదలో పెరిగే మొక్కండీ! అడుగున చిల్లు లేని తొట్టిలో పెట్టినా హాయిగా ఉంటుంది.

అసలు విషయానికొస్తాను. పోయిన వానాకాలం డెంగీ భయంతో మా కమిటీవాళ్లు టెర్రస్ మీద నా తొట్లన్నీ ఖాళీ చేయించారు. ముందు వరుసలోనే కూర్చున్నారు, నవ్వుతున్నారు కూడా. దోమల టెన్షన్ నాకు లేదా? దోమ గుడ్డు పెట్టాలంటే నిలిచిన నీళ్లు దానికి అందాలి. మట్టి మీద రెండంగుళాల మందాన కంకర పోసి, నీటిమట్టం ఆ కంకర కిందే ఉండేలా చూస్తే దానికి చోటెక్కడిది? నీళ్లు కనబడాలని ముచ్చటపడేవాళ్లు నాలుగు గప్పీ చేపలు వేయండి, పిల్లపురుగుల్ని అవే తినేస్తాయి. ఇదంతా అప్పుడే చెప్పాను, వింటేగా.

ఆకు కొసలు మాడుతున్నాయని ఇందాక ఒకావిడ అడిగారు. తొట్టి ఎండితే మాడతాయి, బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైనా మాడతాయి. అమ్మా, మీ ఏసీ పైపు నుంచి కారే నీళ్లు ఎటు పోతున్నాయి? కింద పార్కింగ్‌లోకి, కార్ల మీదికి! ఆ నీళ్లలో ఉప్పు ఉండదు, బకెట్ పెట్టి పట్టి పోయండి. పసుపెక్కిన కాడల్ని మొదలంటా కోసేయండి, పక్కనుంచి కొత్తవి వస్తాయి.

ఇంకోటి, దీన్ని కొనక్కర్లేదు. కాడ కొసన గొడుగులా ఉండే ఆకుల గుత్తిని రెండంగుళాల కాడతో కోసి, ఆకుల్ని సగానికి కత్తిరించి, తలకిందులుగా గ్లాసు నీళ్లలో వేయండి. అవును, తలకిందులుగానే. రెండు మూడు వారాల్లో ఆకుల మధ్య నుంచి వేళ్లూ పిలకలూ వస్తాయి. సంచీలో కొన్ని కోసి తెచ్చాను, కావలసినవాళ్లు పట్టుకెళ్లండి. కమిటీవాళ్లకు కూడా రెండు ఉంచాను.